నత్త, గుల్ల, ఓ స్కూలు నవల

నాకు చిన్నప్పుడు నత్తి. ఏడో తరగతిలో ఎవడో గుడి తీసేసి దాన్ని 'నత్త' చేశాడు. నా పక్కన కూర్చున్న పాపానికి నా స్నేహితుడు 'గుల్ల' అయ్యాడు. వాడికి నత్తి లేదు, వెక్కిరించడానికి ఇంకే కారణమూ లేదు. ఇద్దరం కలిసి వస్తుంటే నత్తగుల్ల వస్తోందిరా అని అరిచేవాళ్ళు. పేరు పెట్టినవాడికి భాష మీద మంచి పట్టుందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అంత తీరిక లేదు.

దీన్ని నవలగా రాయాలన్న బుద్ధి నలభై దాటాక పుట్టింది. టీనేజ్ పిల్లలు చదివేలా, ఓ నూట యాభై పేజీలు. ఆరు నెలలు చాలనుకున్నాను. మూడేళ్ళు పట్టింది. నాలుగుసార్లు మొదటి పేజీ నుంచి మళ్ళీ రాశాను.

మొదటిసారి రాసింది కథ కాదు, కక్ష. అందులో విలన్ నవ్వినా భయంకరంగా నవ్వుతాడు. హీరోకి నత్తి ఉంది కానీ లోకంలోని మంచితనమంతా వాడిదే. చివర్లో స్టేజి ఎక్కి తడబడకుండా మాట్లాడతాడు, విలన్‌ని స్కూల్లోంచి పంపేస్తారు. తర్వాత తెలిసింది, ఈ దారి చాలా పాతదని. 1857లో థామస్ హ్యూస్ రాసిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్'లో చిన్నపిల్లల్ని హింసించే ఫ్లాష్‌మన్ కూడా తాగి దొరికిపోయి స్కూలు నుంచి వెళ్ళిపోతాడు. విలన్ వెళ్ళిపోతే పీడా పోతుంది. నాకు మాత్రం ఎవరూ వెళ్ళిపోలేదు. అందరం అదే క్లాసులో, అవే బెంచీల మీద పదో తరగతి దాకా ఉన్నాం.

రెండోసారి కూర్చున్నప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను. బుల్లీయింగ్‌ని కథలో ఏమనాలి? ర్యాగింగ్ అంటే కాలేజీ గుర్తొస్తుంది. వేధింపు అంటే పేపర్లో వార్తలా ఉంటుంది. పిల్లలు అనే మాట 'ఏడిపించడం'. చిక్కంతా అందులోనే ఉంది. అక్క తమ్ముణ్ణి ఏడిపిస్తుంది, తాత మనవరాల్ని ఏడిపిస్తాడు, అదంతా ముద్దే. ముప్పై మంది కలిసి ఒకణ్ణి రోజూ నలిపేసినా అదే మాట. మాస్టారు అడిగితే 'ఊరికే ఏడిపించాం సార్' అంటే సరిపోయేది. ఏడ్చినవాడే సరదా తెలియనివాడయ్యేవాడు.

ఈ తేడా చూపించడానికి నాకు పనికొచ్చింది నార్వేలో పనిచేసిన డాన్ ఒల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన కొలత. 1970లలోనే ఈ విషయం మీద పరిశోధన మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకరు. కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఎదుటివాడు తిరిగి నిలబడలేనంత బలాబలాల తేడా. ఈ మూడూ ఉంటే అది ఆట కాదు. నా మొదటి ప్రతిలో ఒకే ఒక పెద్ద కొట్లాట ఉంది, 'మళ్ళీ మళ్ళీ' అన్నదే లేదు. దాంతో కొట్లాట తీసేసి, సోమవారం నుంచి శనివారం దాకా హాజరు పిలిచే సీను ఆరుసార్లు రాశాను. పెద్దగా ఏమీ జరగదు. వాడి నంబరు రాగానే వెనక బెంచీ ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది, అంతే. నా ఉద్దేశంలో ఈ పుస్తకంలో బాగా కుదిరినవి ఆ పేజీలే.

నత్తిని కాగితం మీద పెట్టడం ఇంకో తలనొప్పి. మొదట 'మ... మ... మంచినీళ్ళు' అని చుక్కలు పెట్టుకుంటూ పోయాను. చదివి చూస్తే నన్ను వెక్కిరించినవాళ్ళు కూడా ఇలాగే అనేవాళ్ళు. నిజానికి నత్తి ఉన్నవాడు ఎక్కువసేపు చేసే పని మాటలు మార్చుకోవడం. ఏ అక్షరం దగ్గర ఇరుక్కుంటాడో ముందే తెలుసు, కాబట్టి దాన్ని తప్పించుకుని ఇంకో మాట వెతుక్కుంటాడు. నేను 'ప్రెజెంట్ సార్' అనలేక 'ఎస్ సార్' అనేవాణ్ణి. సొంత పేరుకి మాత్రం ఇంకో మాట ఉండదు, అందుకే అదే అన్నిటికంటే కష్టం. చుక్కలన్నీ కొట్టేసి ఒక్కచోట ఉంచాను, వాడు తన పేరు చెప్పేచోట.

రెండో ప్రతి తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలికి ఇచ్చాను. వారం తర్వాత తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, ఇందులో అందరూ తెగ మాట్లాడేస్తున్నారేంటి?"

"మరి?"

"ఒకళ్ళని వదిలేయాలంటే ఎవరూ ఏమీ అనరు. ఆ ఒక్కళ్ళు లేకుండా ఇంకో గ్రూప్ పెట్టుకుంటారు. పాత గ్రూప్ అలాగే ఉంటుంది, కానీ అందులో ఎవరూ మెసేజ్ పెట్టరు. తను మాత్రం రోజూ తెరిచి చూస్తుంటుంది."

'తను' ఎవరని నేను అడగలేదు, అడిగితే చెప్పేది కాదు. ఆ గ్రూప్‌ని మూడో ప్రతిలో వాడుకుంటానంటే సరేనంది.

ఆ ప్రతికి ముందే ఇంకో సంగతి చదివాను. ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టీనా సాల్మివల్లి, మరికొందరు 1996లో ప్రచురించిన పరిశోధనలో క్లాసులోని పిల్లల్ని పాత్రలుగా విడదీశారు. ఏడిపించేవాడు, వాడికి సాయం పట్టేవాళ్ళు, నవ్వి ఉసిగొలిపేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు, బాధపడేవాడు. వీళ్ళు కాక 'ఔట్‌సైడర్లు' అని ఒక వర్గం. అది చూడగానే నేనేననుకున్నాను. కాదు. అందులో ఔట్‌సైడర్ అంటే వెలివేయబడ్డవాడు కాదట, చూసీ చూడనట్టు పక్కకి తప్పుకునేవాడు. కథల్లో ఒకడిని, పరిశోధనలో ఇంకొకడిని అదే మాటతో పిలుస్తున్నారు. ఇద్దరూ నేనే అయ్యానని ఒప్పుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఎందుకో చెప్పాలి. ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవానికి వెనక బెంచీవాళ్ళు నాటిక వేస్తూ డైలాగులు రాసేవాడి కోసం వెతికారు. నేను రాసిచ్చాను. జనం బాగా నవ్వారు. మర్నాడు వెనక బెంచీలో నాకు చోటు దొరికింది, 'నత్త' నెమ్మదిగా రాలిపోయింది. 'గుల్ల' మాత్రం రాలలేదు. ఒకరోజు ఎవడో "ఏరా, నీ గుల్లేదీ?" అన్నాడు. నా స్నేహితుడు రెండు బెంచీల ముందే కూర్చున్నాడు. "నేను బయటికొచ్చేశాగా, ఖాళీగా పడుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట నా నోట్లోంచి ఒక్కచోట కూడా ఆగకుండా వచ్చింది.

మూడు ప్రతుల్లో ఇది లేదు. నత్తి ఉన్న హీరోని ఎంత కష్టపెట్టినా నాకు చెయ్యి ఆడింది, ఇది రాయబోతే ఆగింది. 1944లో ఎలినార్ ఎస్టిస్ రాసిన 'ది హండ్రెడ్ డ్రెసెస్' అప్పుడు దొరకడం నా అదృష్టం. అందులో కథ మనకి ఎక్కువగా కనిపించేది ఏడిపించినవాళ్ళ పక్కన నిలబడి నోరు మెదపని మ్యాడీ వైపు నుంచి. ఏడిపించబడ్డ వాండా ఊరొదిలి వెళ్ళిపోతుంది, ఎదుటపడి క్షమాపణ చెప్పే అవకాశం మ్యాడీకి రాదు. పిల్లలకి అంత చేదు ఇవ్వొచ్చన్న ధైర్యం ఆ చిన్న పుస్తకంతోనే వచ్చింది.

నాలుగో ప్రతిలో హీరోని మార్చలేదు. వాడి చేత ఆ మాట అనిపించాను, అంతే. దాంతో నవల మొత్తం కదిలిపోయింది. విలన్ మామూలు కుర్రాడయ్యాడు, అరవై పేజీలు ఎగిరిపోయాయి. అడ్డుపడే అమ్మాయి చేత చెప్పించిన పేజీన్నర ఉపన్యాసం కూడా పోయింది. కెనడాలో స్కూలు ఆటస్థలాల్లో జరిగిన గొడవల్ని వీడియో తీసి చూసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. తోటి పిల్లలు కలగజేసుకున్న సందర్భాల్లో సగానికి పైగా, 57 శాతం, పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయిందట. పది సెకన్లలో ఉపన్యాసం పట్టదు. ఇప్పుడా అమ్మాయి "చాల్లే ఇక, బెల్లయింది పదండి" అని మాత్రం అంటుంది. నాకు అది కూడా నోటికి రాలేదని రాస్తుంటే తెలిసింది.

చివరి అధ్యాయం పదో తరగతి ఆఖరి పరీక్ష. బయటికి వస్తూ హీరో తన స్నేహితుణ్ణి అసలు పేరు పెట్టి పిలుస్తాడు. మాస్టార్లు తప్ప ఎవరూ ఆ పేరుతో పిలిచి మూడేళ్ళవుతోంది. పిలిచింది తననేనని వాడికి తట్టదు, గేటు దాటి వెళ్ళిపోతాడు.

మేనకోడలు అది చదివి, "రెండోసారి పిలిచుండొచ్చుగా" అంది.

"పిలవలేదు" అన్నాను.

కథలోనా, నిజంగానా అని తను అడగలేదు.