కారు ఊరి గుమ్మం దాకే: టస్కనీ రోడ్ల మీద నా అనుభవం

ఇటలీ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ రైల్లో చుట్టేసి వస్తారు. ఆ మూడింటికీ రైలే హాయి. కానీ ఫ్లోరెన్స్‌కీ రోమ్‌కీ మధ్య, ముఖ్యంగా టస్కనీ ప్రాంతంలో, కొండల మీద ఉన్న పాత ఊళ్ళు చూడాలంటే చిక్కే. స్టేషనుంటే కొండ కింద ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. ఆదివారాలు బస్సులు అంతంతమాత్రం. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. అందుకని ఫ్లోరెన్స్ దాకా రైలు, అక్కడి నుంచి రోమ్ ఎయిర్‌పోర్టు దాకా అద్దె కారు అనుకున్నాం. డ్రైవింగ్ నాది, మ్యాపు మా ఆయనది, వెనక సీట్లో కూర్చుని మా ఇద్దరికీ వంకలు పెట్టడం అమ్మది.

ముందు కాగితాల సంగతి. మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే అక్కడ కుదరదు, దాంతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారు. నెట్‌లో ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అని అమ్మే కార్డుల జోలికి పోకండి. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా, టికెట్ కాపీలు అడుగుతారు కాబట్టి షెంజెన్ వీసా చేతికొచ్చాకే వెళ్ళాను. ఫీజు వెయ్యి రూపాయలు, పైన సర్వీసు చార్జీలు. పర్మిట్ ఏడాది చెల్లుతుంది, ఈలోపు లైసెన్సు గడువు ముగిస్తే అక్కడితో సరి. అక్కడ చూపించేటప్పుడు పర్మిటూ అసలు లైసెన్సూ రెండూ కావాలి.

కారు బుక్ చేసేటప్పుడు రెండు విషయాల్లో పట్టుబట్టాను. ఒకటి ఆటోమేటిక్ గేరు. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి, బండి రోడ్డుకి కుడివైపు... ఇన్ని తలకిందులైనప్పుడు క్లచ్ టెన్షన్ కూడా ఎందుకు? ఆటోమేటిక్ కాస్త ఖరీదే, ఆ డబ్బు దండగ కాదు. రెండోది, ఎంత చిన్న కారైతే అంత మంచిది. అక్కడి సందులు గుర్రాల కాలంలో వేసినవి. డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డు తప్పనిసరి, డిపాజిట్ దాని మీదే బ్లాక్ చేస్తారు. కౌంటర్లో అమ్మాయి ఇన్సూరెన్స్ అంటగట్టాలని చాలాసేపు భయపెట్టింది. బుకింగ్‌లో ఏం కలిసి ఉందో ప్రింటు చేతిలో ఉంది కాబట్టి నవ్వుతూ వద్దన్నాను. బయటికొచ్చాక కారు చుట్టూ తిరిగి ప్రతి గీతకీ వీడియో తీసుకున్నాం.

ఇక అసలు భయం జెడ్‌టీఎల్. పాత ఊళ్ళ నడిబొడ్డున అనుమతి లేని బండ్లు తిరగకూడదని పెట్టిన హద్దు అది. తెల్లని గుండ్రని బోర్డు, చుట్టూ ఎర్ర అంచు, పైన కెమెరా. గేటుండదు, ఆపే పోలీసూ ఉండడు. నంబర్ ప్లేటు ఫొటో పడుతుంది, జరిమానా తర్వాత ఇంటికొస్తుంది. పైగా మీ వివరాలు పోలీసులకిచ్చినందుకు కారు కంపెనీ తన చార్జీ తాను వేసుకుంటుంది. ఫోన్లో మ్యాపు ఎప్పుడూ హెచ్చరిస్తుందని నమ్మకం లేదు. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: మ్యాపులో ఊరి పేరు కొట్టకూడదు, ఊరి బయట పార్కింగ్ పేరే కొట్టాలి. ఫ్లోరెన్స్‌లో కూడా కారు ఎయిర్‌పోర్టులోనే తీసుకున్నాం, ఊళ్ళోకి తేనేలేదు. పార్కింగ్ గీతల్లో తెలుపు ఉచితం, నీలం డబ్బులు, పసుపు మనది కాదు. తెల్ల గీతల దగ్గరా పక్కన బోర్డు చదవాలి, కొన్నిచోట్ల గంటో గంటన్నరో మాత్రమే ఉండనిస్తారు.

ఫ్లోరెన్స్ నుంచి సియేనాకి టోల్ లేని వేగమైన రోడ్డుంది. మేము దాన్ని వదిలేసి ఎస్ఆర్ 222 పట్టుకున్నాం. కియాంతి ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు. గ్రేవే అనే ఊళ్ళో ఆగి కాఫీ తాగాం. అక్కడ బార్ అంటే కాఫీ కొట్టే, నిలబడి తాగితే చవక. ఆ త్రికోణపు సంతమైదానంలో వెరజ్జానో విగ్రహం ఉంది, 1524లో న్యూయార్క్ రేవులోకి ఓడ నడిపించినవాడు. వెనక లారీ హారన్ కొడితే నేను పక్కకి తీసి దారిచ్చేదాన్ని. స్థానికులు ఆ మలుపుల్లో మామూలుగానే దూసుకెళ్తారు. వాళ్ళతో పోటీ పడడానికి వచ్చామా?

బస రెండే చోట్ల, కాస్తెల్లీనా దగ్గర ఒకటి, పియెంజా దగ్గర ఒకటి. రోజుకో హోటలు మారుతూ పెట్టెలు మోసే ప్రయాణం నాకు సరిపడదు. రెండూ అగ్రితురిస్మోలే, అంటే రైతులు తమ పొలంలోనే గదులు అద్దెకిచ్చే ఇళ్ళు. వ్యవసాయమే ముఖ్యమైన పనిగా ఉండాలని చట్టంలో ఉంది కాబట్టి పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు ఖాయం.

సాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 72 రాతి బురుజులుండేవట, ఇప్పుడు 14 మిగిలాయి. డబ్బున్న కుటుంబాలు ఒకరి మీద ఒకరు పంతానికి కట్టుకున్నవి. పదకొండు దాటితే టూరిస్టు బస్సుల జనం కాలు పెట్టనివ్వరు, మేము అప్పటికే వెనక్కి బయల్దేరాం. నిజం చెప్పాలంటే ఆ ఊరు దగ్గరికెళ్ళాక కన్నా దూరం నుంచి, రోడ్డు మలుపులోంచి చూస్తేనే బాగుంది.

సియేనాకి మాత్రం ఎంత సమయం ఇచ్చినా తక్కువే. సాంతా కతరీనా పార్కింగ్ నుంచి ఎస్కలేటర్లు నేరుగా పైకి, కెథెడ్రల్ దగ్గరికి తీసుకెళ్తాయి. అమ్మ మోకాళ్ళు ఆ రోజు ఇటలీని మెచ్చుకున్నాయి. 1339లో సియేనావాళ్ళు ఉన్న కెథెడ్రల్‌ని పక్కనుంచి పెంచి మహా పెద్దదిగా కట్టాలనుకున్నారు. 1348లో ప్లేగు వచ్చి ఊరిని ఊడ్చేసింది, పని ఆగిపోయింది. అప్పుడు కట్టిన పెద్ద గోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. ఆ ప్లేగుకి ముందే, 1338-39లో, అంబ్రోజో లోరెంజెత్తి టౌన్‌హాలు గోడల మీద మంచి పాలన, చెడ్డ పాలన ఫలితాలు గీశాడు. మంచి పాలన ఉన్న వైపు కోట గుమ్మం దాటగానే దున్నిన కొండలు, ద్రాక్షతోటలు, గాడిదల మీద బస్తాలు. మర్నాడు దక్షిణంగా ఓర్చా లోయలోకి కారు దిగుతుంటే చూశాం కదా, గాడిదలు తప్ప అన్నీ ఉన్నాయి.

ఒక హెచ్చరిక. ఫొటోల్లో పచ్చటి తివాచీలా కనిపించే ఆ లోయ ఏప్రిల్, మే నెలల్లోది. మేము వెళ్ళింది అక్టోబర్లో, కొండలన్నీ బూడిదరంగు బంకమట్టి. మా ఆయన డీలా పడ్డారు. అమ్మ మాత్రం కారు ఆపించి మరీ దిగింది. “దుక్కి ఎంత బాగా దున్నారో చూడవే. ఓ వాన పడితే గోధుమ చల్లేస్తారు కామోసు” అంది. అది నిజమే, అక్కడ గోధుమ విత్తేది శరదృతువులోనే. తెనాలి పక్క పొలాల్లో పెరిగిన మనిషికి పచ్చదనం కన్నా దుక్కే ఎక్కువ చెప్పింది.

పియెంజా ఒక పోపు సొంతూరు. 1458లో పోపైన రెండో పయస్ తాను పుట్టిన కోర్సిన్యానో పల్లెను మరుసటి ఏడాది నుంచి రొస్సెల్లీనో అనే వాస్తుశిల్పి చేత కొత్తగా కట్టించి తన పేరు పెట్టుకున్నాడు. ఖర్చు అంచనాలు దాటిపోయినా కోప్పడలేదు సరికదా, ముందే నిజం చెప్పి ఉంటే ఇది కట్టించేవాడినే కాదని రొస్సెల్లీనోని మెచ్చుకున్నాడట. ఇది వినగానే అమ్మ, “ఇల్లు కట్టించినవాళ్ళెవరినడిగినా ఇదే చెప్తారు” అంది. 1464లో ఇద్దరూ పోయారు, ఊరు అక్కడికి ఆగింది. కొండ అంచున కట్టిన కెథెడ్రల్ వెనక భాగం అప్పటి నుంచీ కుంగుతూనే ఉంది, లోపల నడిస్తే నేల వాలు కాళ్ళకి తెలుస్తుంది.

తిండి దగ్గర శాకాహారులు తెలుసుకోవాల్సింది పెకొరీనో గురించి. పియెంజా ఆ గొర్రెపాల చీజ్‌కే ప్రసిద్ధి, కానీ పాలు విరగ్గొట్టడానికి సాధారణంగా దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. సంగతి చెప్పగానే అమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. ఆమెకి దొరికిన దిక్కు పీచి, గోధుమపిండీ నీళ్ళతో చేత్తో పేనే లావు సేమ్యా. దాన్ని టమాటా, అల్యోనే అనే పెద్ద వెల్లుల్లి సాసుతో ఇస్తారు. చీజ్ వద్దని ముందే చెప్పాలి. టస్కనీ రొట్టెలో ఉప్పుండదు. “వెయ్యడం మర్చిపోయారా ఏంటే?” అని మొదటి రోజు అడిగింది, రెండో రోజు నుంచి కందిపొడిలో వాళ్ళ ఆలివ్ నూనె కలిపి అద్దుకుని తింది. మధ్యాహ్నం రెండున్నరకి వంటగది మూస్తే రాత్రి ఏడున్నర దాకా పొయ్యి వెలగదు. కారులో పళ్ళు, బిస్కెట్లు ఉంచుకోండి.

రోమ్ వెళ్ళే దారిలో ఉన్న కొండ ఊరు ఒర్వియేతోలోనూ కింద కారు పెట్టి లిఫ్టులో పైకెళ్ళాం. 1527లో రోమ్‌ని సైన్యాలు దోచుకున్నప్పుడు పారిపోయి ఇక్కడికొచ్చిన పోపు ఏడో క్లెమెంట్, ముట్టడి జరిగితే నీళ్ళుండాలని తవ్వించిన బావి చూడాల్సిందే. లోతు 53 మీటర్ల పైనే. ఒకదానికొకటి తగలకుండా రెండు మెట్ల దారులు, ఒక్కోదానికి 248 మెట్లు, దిగే కంచరగాడిదలకి ఎక్కేవి ఎదురుపడకుండా. మా ఆయన దిగి ఎక్కి, ఆ సాయంత్రం అమ్మతో సమానంగా మెట్టు మెట్టుకీ ఆగారు. “ఏం బాబూ, ఇప్పుడు తెలిసిందా?” అంది అమ్మ.

ఒర్వియేతో నుంచి రోమ్‌కి టోల్ రోడ్డు, ఏ1. ఎక్కేటప్పుడు టికెట్ తీసుకోవాలి, దిగేటప్పుడు కట్టాలి. పసుపు రంగు టెలీపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) లేనులోకి వెళ్ళకూడదు, డబ్బులో కార్డో బొమ్మ ఉన్న లేను చూసుకోవాలి. వేగం 130 దాకా, వాన పడితే 110. పెట్రోలు నింపుకునేటప్పుడు మనమే కొట్టుకునే పంపు చవక. ‘బెంజీనా’ పెట్రోలు, ‘గజోలియో’ డీజిలు, ఇది తారుమారైతే ఇంజను పని అయిపోయినట్టే.

ఎయిర్‌పోర్టులో కారు అప్పగించి, మళ్ళీ చుట్టూ వీడియో తీసి, రసీదు అడిగి తీసుకున్నాం. డిపాజిట్ కొన్నాళ్ళకి విడుదలైంది. విదేశీయులకి జరిమానా నోటీసు పంపడానికి వాళ్ళకి 360 రోజుల గడువుంది. అందుకని మా ఆయన ఇప్పటికీ నెలనెలా ఆ కార్డు స్టేట్‌మెంటు పైనుంచి కింద దాకా చదువుతున్నారు.