బ్రష్ నుంచి ఊడిన నీలం పోగు

మొన్న పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మేస్తే నురగలో ఎర్రటి చార, దాంతోపాటు బ్రష్ నుంచి ఊడిన నీలం పోగు ఒకటి. ఆ పోగు నైలాన్, అంటే ఒక రకం ప్లాస్టిక్కే. 1938లో అమెరికాలో మొదలైన ఈ నైలాన్ బ్రష్‌లే ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి, తోమినప్పుడల్లా కొంచెం కొంచెం అరుగుతూనే ఉంటాయి. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కల్నే మైక్రోప్లాస్టిక్ అంటారు, చాలావరకు కంటికి ఆనవు కూడా.

ఒకప్పుడు కొన్ని టూత్‌పేస్టుల్లో పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పూసలు కావాలనే కలిపేవాళ్ళు. అవి చిగుళ్ళ సందుల్లో ఇరుక్కుంటున్నాయని అమెరికాలో పళ్ళు క్లీన్ చేసేవాళ్ళు గోల పెట్టారు, 2015లో అక్కడ వాటిని ఆపించే చట్టం వచ్చింది. నోట్లో పెట్టుకునే దాంట్లో ప్లాస్టిక్ ఎందుకు వేయాలి అసలు? నాకు కోపం అక్కడే.

చిగుళ్ళ జబ్బుకి మూలం పాచిలోని బ్యాక్టీరియా. పొగాకు, షుగర్ జబ్బు దాన్ని ముదరబెడతాయి. ప్లాస్టిక్ రేణువులు కణాల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటి ప్రతిచర్య) పుట్టించడం ల్యాబుల్లో చూశారు గానీ, మనుషుల్లో చిగుళ్ళ జబ్బు వాటివల్లే వస్తుందని రుజువు కాలేదు. అందుకని టెన్షన్ పడి బ్రష్ మానేస్తే మొదటికే మోసం. నేనైతే కుచ్చు వంగిపోయిన ఆ బ్రష్ మార్చేశాను, గట్టిగా రుద్దడం మానేశాను. రక్తం ఇంకా ఆగలేదు, శనివారం డెంటిస్టు దగ్గరికి వెళ్తున్నా.