ఉబుంటు 26.04: స్క్రీన్ వెలగాలి, ఒత్తులు తెగకూడదు

విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు. 2026 ఏప్రిల్‌లో దాని 26.04 వెర్షన్ రావాలి. రెండేళ్లకోసారి వచ్చే ఎల్టీఎస్, అంటే ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు అందే వెర్షన్ కాబట్టి చాలామంది మారేది దీనికే. కొత్త వాల్‌పేపరు, కొత్త ఐకాన్లు ఎలాగూ వస్తాయి. కానీ విశాఖలో ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కుని, అందులో ఉబుంటు వేసుకుని చదువుకునే పిల్లలకు కావలసింది అవి కాదు. అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ నల్లగా ఉండిపోకూడదు. మూత వేసి తీస్తే బొమ్మ చెదరకూడదు. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్‌కి తగిలించగానే పలకాలి. ‘రాష్ట్రం’ అని టైపు చేస్తే ట ఒత్తు, దాని కింద క్రావడి, రెండూ పూర్తిగా కనపడాలి. ఈసారి అప్‌డేట్ నుంచి నేను ఆశించేది ఇంతే. వీటిలో ఏది ఎందుకు చెడుతుందో, ఈలోగా ఏం చేసుకోవచ్చో రాస్తున్నాను.

ముందు ఒక మాట. ‘గ్రాఫిక్స్ పోయింది’ అంటే ఏది పోయిందో తేల్చుకోవాలి. బొమ్మ స్క్రీన్ మీదకు రావాలంటే నాలుగు అంచెలు దాటాలి. అడుగున, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉండే డ్రైవర్: ఇంటెల్‌కి ఐ915, ఏఎండీకి ఏఎండీజీపీయూ, ఎన్విడియాకి నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ గానీ, కంపెనీ ఇచ్చే సొంత డ్రైవర్ గానీ. ఆ డ్రైవర్ చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ రెండోది. దాని మీద మెసా, అంటే ఓపెన్‌జీఎల్, వల్కన్ పనులు చేసే లైబ్రరీ. అన్నిటికన్నా పైన విండోలను పేర్చే కంపోజిటర్, ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో దాని పేరు మటర్. లాగిన్ తెరే రాకపోతే అనుమానం మొదటి రెండు అంచెల మీద. డెస్క్‌టాప్ బాగుండి బ్లెండర్ లాంటి 3డీ యాప్ ఒక్కటే చెడితే మెసా మీద. ఒక్క యాప్‌లోనే అక్షరాలు మసకబారితే ఆ యాప్ మీద. ఫైర్‌ఫాక్స్ ఒక్కటే తేడాగా ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఉబుంటులో అది మిగతా సిస్టమ్‌కి విడిగా ఉండే స్నాప్ ప్యాకేజీగా వస్తుంది, స్నాప్‌లు వాడుకునే మెసా వేరు. సిస్టమ్‌లో మెసాని అప్‌డేట్ చేసినంత మాత్రాన ఫైర్‌ఫాక్స్ బాగుపడదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డీటెయిల్స్ తెరిస్తే గ్రాఫిక్స్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ మీ కార్డు పేరుకు బదులు ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ ఖాళీగా కూర్చుంది, మొత్తం పని ప్రాసెసర్ చేస్తోందని అర్థం. వీడియో నత్తనడక నడుస్తుంది, ఫ్యాన్ మోగుతూనే ఉంటుంది. దీనికి చాలాసార్లు కారణం ‘నోమోడ్‌సెట్’. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ రాకపోతే షాపుల్లో ఆ మాటను గ్రబ్ (కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాము) ఫైల్లో రాసి పని కానిస్తారు. తరువాత తీసేయరు. అది కెర్నల్ డ్రైవర్‌ని అసలు లేవనివ్వదు. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్, అందులో గ్రబ్ అనే ఫైలును అడ్మిన్ హక్కులతో తెరిచి, ‘క్వయట్ స్ప్లాష్’ పక్కన ఉన్న ఆ మాట చెరిపి, టెర్మినల్‌లో అప్‌డేట్-గ్రబ్ కమాండ్ ఇచ్చి రీస్టార్ట్ చేయండి. కంప్యూటర్ బాగాలేదని ఇంకో రెండు వేలు పెట్టి ర్యామ్ వేయించేముందు ఈ ఒక్కటి చూసుకోవాలి.

ఇక ఎన్విడియా. బెంగ ఎక్కువగా ఇక్కడే ఉంది. విండోలను తెర మీదకు చేర్చే పాత పద్ధతి ఎక్స్11, కొత్తది వేలాండ్. ఉబుంటు 25.10లోనే గ్నోమ్‌కి ఎక్స్11 సెషన్ తీసేసి వేలాండ్ ఒక్కటే ఉంచారు. 26.04లో అది తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. కొత్త కార్డులకు ఇది మేలే. 2024లో 555 డ్రైవర్‌తో ఎక్స్‌ప్లిసిట్ సింక్ వచ్చాక వేలాండ్‌లో ఫ్రేములు వెనక్కీ ముందుకీ మినుకుమినుకుమనడం చాలావరకు పోయింది. అంతకుముందు కార్డు గీయడం పూర్తికాకుండానే కంపోజిటర్ ఆ బొమ్మను తీసుకుని చూపించేసేది, అందుకే ఆ మినుకు.

పాత కార్డుల కథ వేరు. మన దగ్గర డెస్క్‌టాపుల్లో జీటీ 710, జీటీ 730 ఇప్పటికీ బోలెడు కనిపిస్తాయి. 710 కెప్లర్ తరానిది. 730లో కెప్లర్ రకమూ ఉంది, అంతకన్నా పాత ఫెర్మీ రకమూ ఉంది. ఫెర్మీకి 390, కెప్లర్‌కి 470 ఆఖరి డ్రైవర్లు. వేలాండ్ కంపోజిటర్లకు కావలసిన జీబీఎం అనే ఏర్పాటు ఎన్విడియా డ్రైవర్లోకి వచ్చింది 495తో. అంటే ఈ కార్డులు కంపెనీ డ్రైవర్‌తో వేలాండ్‌లో సరిగా నడవవు, నూవో మీద ఆధారపడాలి. నూవోలో కెప్లర్ కార్డు మామూలు వేగంతో తనంతట తాను నడవదు, తక్కువ క్లాక్‌లోనే ఉండిపోతుంది. రాతకోతలకు, బ్రౌజర్‌కి చాలు. బ్లెండర్ లాంటి పనులకు, ఆటలకు చాలదు. కెప్లర్ కార్డు ఉన్నవాళ్లు 24.04లోనే ఉండిపోవడం మంచిదని నా అభిప్రాయం. దానికి 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కాదూ కొత్తదే కావాలంటే ఎక్స్11 మీద నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉంది, కానీ అక్కడా ఆ పాత డ్రైవర్ కొత్త కెర్నల్‌తో కుదరాలి.

లాప్‌టాపుల్లో 940ఎంఎక్స్, ఎంఎక్స్130 మాక్స్‌వెల్ తరం. ఎంఎక్స్150, జీటీఎక్స్ 1050 పాస్కల్. ఈ రెండు తరాలకు 580 వరుసే ఆఖరని ఎన్విడియా ప్రకటించింది. జీటీఎక్స్ 1650 నుంచి పైవాటికి ఢోకా లేదు, వాటికి ఓపెన్ సోర్స్ కెర్నల్ మాడ్యూల్ కూడా పనిచేస్తుంది. మీది ఏదో తెలియకపోతే టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కొట్టి, వీజీఏ అని గానీ 3డీ కంట్రోలర్ అని గానీ ఉన్న వరుసలు చదవండి. 26.04 అప్‌గ్రేడర్ ఇది తనే చూసి, ‘మీ కార్డుకు ఇక డ్రైవర్ లేదు, ఆలోచించుకోండి’ అని మొదలెట్టకముందే చెప్పాలి. నా కోరికల్లో దీనికే పెద్ద పీట. అప్‌గ్రేడ్ అంతా అయ్యాక తెలిస్తే ఏం లాభం!

అప్‌డేట్ తరువాత వచ్చే నల్ల స్క్రీన్‌కి రెండు మామూలు కారణాలున్నాయి. ఒకటి, కెర్నల్ మారినప్పుడు డీకేఎంఎస్ అనే సాధనం ఆ కొత్త కెర్నల్‌కి ఎన్విడియా మాడ్యూల్‌ని మళ్లీ కట్టాలి, అది మధ్యలో ఫెయిలవుతుంది. రెండోది సెక్యూర్ బూట్, అంటే తనకు తెలిసిన సంతకం లేని డ్రైవర్‌ని లేవనివ్వని కాపలా. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంవోకే అని వస్తుంది. అది ఎంచుకుని, కంటిన్యూ, ఎస్ నొక్కి, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. ఏమిటో తెలియక కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, డ్రైవర్ లోడ్ కాదు. ఆ తెరలో ఏముందో మామూలు మాటల్లో రాసిపెడితే సగం మంది గట్టెక్కుతారు. ఇప్పటికే నల్ల స్క్రీన్ వచ్చినవాళ్లు బూట్ అవుతుండగా ఎస్కేప్ నొక్కి గ్రబ్ మెనూ తెచ్చుకోండి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. పాతదాంట్లో లేచిందంటే హార్డ్‌వేర్‌కి ఏమీ కాలేదు. ఫార్మాట్ అక్కర్లేదు.

మూత వేసి తీశాక చెదిరిపోయే బొమ్మ గురించి. నిద్రలోకి వెళ్లేటప్పుడు కార్డులోని వీడియో మెమరీకి కరెంటు ఆగుతుంది, అందులో ఉన్నదంతా పోతుంది. దాన్ని ముందే డిస్కులోకి దించి, లేచాక తిరిగి ఎక్కించాలి. ఎన్విడియా డ్రైవర్లో దీనికి ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్ అనే ఆప్షన్ ఉంది, దాంతోపాటు సస్పెండ్, హైబర్నేట్, రెజ్యూమ్ అని మూడు సర్వీసులు ఆన్‌లో ఉండాలి. ఆప్షన్ ఉండి సర్వీసులు లేకపోయినా, సర్వీసులు ఉండి డిస్కులో వీడియో మెమరీ అంత ఖాళీ లేకపోయినా కథ మొదటికే వస్తుంది. 4 జీబీ కార్డు అయితే కనీసం అంత ఖాళీ ఉంచండి. ఎవరూ చేత్తో సర్దుకునే అవసరం లేకుండా ఇవన్నీ డ్రైవర్ ప్యాకేజీతోనే సరిగ్గా కూర్చోవాలి.

ఇంటెల్ లాప్‌టాపుల్లో ఇంకో రకం మినుకు ఉంది. స్క్రీన్ మీద ఏమీ కదలనప్పుడు ప్యానెల్ తన దగ్గరున్న బొమ్మనే తను చూపించుకుని కరెంటు ఆదా చేసే పద్ధతి, దాన్ని పీఎస్ఆర్ అంటారు. కొన్ని ప్యానెళ్లు దీనికి సరిగా పలకవు. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర ఐ915 రాసి, చుక్క పెట్టి, ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్ఆర్, ఈక్వల్ గుర్తు, సున్నా రాసి ఎఫ్10 నొక్కండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, కాబట్టి భయం లేదు. మినుకు ఆగితే దొంగ దొరికినట్టే.

ఇక తెలుగు. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద స్కేలింగ్ 100 శాతం అయితే అక్షరాలు చిన్నవి, 200 మరీ పెద్దవి. అందుకని 125 పెట్టుకుంటారు. అప్పుడు ఇలాంటి భిన్నపు స్కేలింగ్ తెలియని యాప్‌ని వేలాండ్ రెండింతలుగా గీయించి తరువాత కుదిస్తుంది. 1920 × 1080 స్క్రీన్ కోసం 3072 × 1728 గీయాలన్నమాట, రెండున్నర రెట్లకు పైగా పని. ఎక్స్11 యాప్‌లు ఇంకా అన్యాయం: చిన్నగా గీసిన బొమ్మను సాగదీస్తారు, అంచులు అలుక్కుపోతాయి. ఇంగ్లీషులో అది మసకగా అనిపిస్తుంది, అంతే. తెలుగులో అక్షరమే మారిపోతుంది. ప, ఫ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా అంతా కింద ఉన్న చిన్న గీతలో ఉంది. ష అయితే ప పొట్టలో గీత. ప తలకట్టు విడిగా ఉంటుంది, వ తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది. ప ఒంటికీ తలకట్టుకీ మధ్య సందు ఒక పిక్సెల్ వెడల్పే. సాగదీస్తే పూడిపోతుంది. గ్నోమ్ 47లో ఎక్స్11 యాప్‌లు తమంతట తామే సరైన సైజులో గీసుకునే ఏర్పాటును ప్రయోగంగా పెట్టారు. ఎల్టీఎస్‌లో అది ఎవరూ వెతుక్కోనక్కర్లేకుండా పనిచేయాలి. ఈలోగా స్కేలింగ్ 100లోనే ఉంచి, గ్నోమ్ ట్వీక్స్‌లో ఫాంట్ స్కేలింగ్ 1.25 చేసుకోండి. అక్షరం నేరుగా పెద్ద సైజులో గీయబడుతుంది కాబట్టి సందులు పూడవు.

టెర్మినల్‌లో తెలుగు ఇంకా కుదురుకోలేదు. అది ప్రతి అక్షరాన్నీ ఒకే కొలత గళ్లలో పెడుతుంది, ‘స్త్రీ’కి గళ్ల లెక్క పనికిరాదు. ఒత్తు పక్క గడిలోకి పోతుంది, లేదా కింద తెగుతుంది. ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కనపడని ఒక నాన్-జాయినర్ గుర్తు (అక్షరాలను కలవనివ్వనిది) కలిసిన వరుస వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి, దానికోసమే ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. మన అక్షరం కట్టుబడే తీరు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు తెలియకపోతే ఎంత దాకా పోతుందో చూశాం కదా.

వీడియో సంగతి క్లుప్తంగా. వీపీ9, ఏవీ1, హెచ్264 అనేవి వీడియోను కుదించే పద్ధతులు. ఇంటెల్ 7వ తరం నుంచి వీపీ9ని, 11వ తరం నుంచి ఏవీ1ని చిప్ నేరుగా విప్పగలదు. అంతకన్నా పాతది అయితే బ్రౌజర్‌లో హెచ్264 మాత్రమే అడిగే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, ఫ్యాన్ చల్లబడుతుంది.

ఇంకో మాట, ఇది బగ్ కాదు. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము తేమతో గట్టిపడి అట్టకడుతుంది. మే నెలలో ప్రాసెసర్ 95 డిగ్రీలకు ఎక్కి తన వేగం తనే తగ్గించుకుంటే, నెపం అప్‌డేట్ మీద పడుతుంది. సెన్సర్స్ కమాండ్‌తో వేడి చూసి, తరువాతే అప్‌డేట్‌ని అనండి.

బగ్ దొరికితే ఫార్మాట్ కొట్టించకండి, ఆధారం అంతా అందులోనే ఉంటుంది. జర్నల్‌సీటీఎల్‌కి డాష్ కే, డాష్ బీ, మైనస్ ఒకటి ఇస్తే గత బూట్‌లోని కెర్నల్ మాటలన్నీ వస్తాయి. జీపీయూ హ్యాంగ్, ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న వరుసలు అందులో వెతకండి. తరువాత ఉబుంటు-బగ్ లైనక్స్ కమాండ్ ఇస్తే ఆ లాగ్‌లతో సహా, ఉబుంటు బగ్‌లు నమోదయ్యే లాంచ్‌ప్యాడ్ సైట్లో రిపోర్ట్ తెరుచుకుంటుంది. ఏ కెర్నల్‌లో బాగుంది, ఏ కెర్నల్‌లో చెడింది అని రెండు నంబర్లు రాస్తే, పని చేసేవాళ్లకు వారాల వెతుకులాట తప్పుతుంది.

24.04 నుంచి అప్‌గ్రేడ్ అడిగేది ఏప్రిల్‌లో కాదు, 26.04.1 వచ్చాక, మామూలుగా ఆగస్టులో. అప్పటిదాకా ఆగండి. బూట్ పార్టిషన్ విడిగా ఉంటే అందులో కనీసం 300 ఎంబీ ఖాళీ చేయండి, ఎన్విడియా ఉన్న మెషీన్లో బూట్‌కి కావలసిన ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ ఫైలు ఒక్కోటి 100 ఎంబీ దాటుతుంది. అక్టోబరు, నవంబరు దాకా జాప్యం చేస్తే తుపాను రోజులు, కరెంటు నమ్మకం లేదు. ప్యాకేజీలు కట్టే మధ్యలో ఆగితే డీపీకేజీ కమాండ్‌కి డాష్ డాష్ కాన్ఫిగర్, డాష్ ఏ ఇచ్చి మిగతాది పూర్తి చేయించుకోవాల్సి వస్తుంది. అన్నిటికన్నా ముందు, ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో అరగంట నడపండి. మూత వేసి తీయండి, హెచ్‌డీఎంఐ తగిలించండి, వీడియో పెట్టండి. టెక్స్ట్ ఎడిటర్, ఫైల్స్, లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ నాలుగింట్లోనూ రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి అని టైపు చేసి చూడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, లైవ్‌లో నడిచేది నూవో. ఎన్విడియా సొంత డ్రైవర్ ఎలా ఉందో ఇన్‌స్టాల్ చేశాకే తెలుస్తుంది.