మెమెంటోలు అందించే డ్యూటీ

నిన్న రాత్రి మా కాలనీ వార్షిక కళలు, సైన్స్ అవార్డుల కార్యక్రమం. స్టేజీ పక్కన నిలబడి మెమెంటోలు వరసగా అందించడం నా పని. అందులోనూ రెండు తారుమారు చేశాను. డ్రాయింగ్‌లో గెలిచిన పాప చేతికి సైన్స్ మెమెంటో వెళ్లింది. హాలంతా నవ్వులు. (ఉపన్యాసాలు సగానికి తగ్గించి ఉంటే నాకు కునుకు వచ్చేది కాదు, అది వేరే సంగతి.)

సైన్స్ అవార్డు ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ గారికి వచ్చింది. ఆరంగుళాల టెలిస్కోప్ అద్దాన్ని చేత్తోనే అరగదీశారు. మెమెంటో మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఆయన వేళ్లు చూశాను. గోళ్ల అంచుల్లో పాలిష్ పొడి ఎర్రగా ఇంకిపోయి ఉంది.

"అద్దం సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను. చిన్న లైటు, ఒక షేవింగ్ బ్లేడు చాలన్నారు! అద్దం నుంచి తిరిగొచ్చే కాంతి ఒక్కచోట కలిసే దగ్గర బ్లేడును మెల్లగా అడ్డం జరుపుతారట. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని ఎత్తుపల్లాలు అద్దం మీద నీడల్లా తేలతాయట. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, అది 1858లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో కనిపెట్టిన పరీక్ష. భూమి తిరుగుతోందని 1851లో లోలకంతో చూపించింది కూడా ఆయనే.

నాటకాల అవార్డులూ బాగానే జరిగాయి.

అంతా అయ్యాక టెలిస్కోప్‌ను పార్కింగ్‌లో పెట్టారు. చంద్రుడి మీది గుంతలు చూడటానికి క్యూలో అందరికన్నా ముందు ఆ డ్రాయింగ్ పాపే. నా వంతు వచ్చేసరికి మబ్బు పట్టేసింది.