ఆంప్లిఫయర్ మూత విప్పేముందు

సీబీ (సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం మాట్లాడుకునే రేడియో) సెట్‌కి, పంపే పవర్‌ని పెంచే ఆంప్లిఫయర్ తగిలించాక సిగ్నల్ సరిగ్గా వెళ్లకపోతే చాలామంది నేరుగా దాని మూత విప్పుతారు. తప్పు ఎక్కువసార్లు ఆ పెట్టె అవతల, కేబుల్లోనో యాంటెన్నా మౌంట్‌లోనో ఉంటుంది. 4 వాట్ల దగ్గర కనబడని లోపం 100 వాట్ల దగ్గర బయటపడుతుంది.

అమెరికాలో సీబీ మీద ఏఎంకి (మాటకు తగ్గట్టు తరంగం బలం మారే పద్ధతి) 4 వాట్లే, ఆంప్లిఫయర్ నిషేధం. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 27 మెగాహెర్ట్జ్ సీబీ బ్యాండ్‌కి 5 వాట్లు హద్దు. ఈ పెట్టెలకు తగిన చోటు హామ్ (అభిరుచి కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉన్నవాళ్ల 10 మీటర్ల బ్యాండే. పరీక్షించే పద్ధతి మాత్రం రెండిటికీ ఒకటే.

ముందు ఆంప్లిఫయర్ తీసేసి, సెట్‌నీ యాంటెన్నానీ ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ద్వారా కలపండి. పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో ఈ అంకె చెబుతుంది, 1కి దగ్గరైన కొద్దీ మంచిది. అమెరికా సెట్‌లో 1, 19, 40 ఛానెళ్లలో కొలవండి. 40లో ఎక్కువ, 1లో తక్కువ వస్తే విప్ (యాంటెన్నా కడ్డీ) పొడవెక్కువ. తిరగబడి 1లో ఎక్కువ, 40లో తక్కువ వస్తే పొట్టి. కోయాల్సి వస్తే ఒక్కోసారి 3 మిల్లీమీటర్లకు మించొద్దు, కోసింది మళ్లీ అతకదు. అన్ని ఛానెళ్లలో 3 దాటితే పొడవు జోలికి పోకండి. అది గ్రౌండ్ లోపమో, కేబుల్ చివరి పీఎల్-259 కనెక్టర్లో షార్టో, కేబుల్లో నీరో అయివుంటుంది. 3 అంటే పంపిన పవర్‌లో నాలుగో వంతు వెనక్కి వస్తోందని, 1.5 దగ్గర అది 4 శాతమే. మల్టీమీటర్‌లో యాంటెన్నా షార్ట్ చూపిస్తే కంగారు పడొద్దు, కొన్నిటిలో అడుగున కాయిల్ గ్రౌండ్‌కి కలిసే ఉంటుంది. పాత కేబుల్‌తో రీడింగ్ మరీ బాగుంటే మాత్రం అనుమానించాలి: కేబుల్ తినేసే పవర్ వల్ల సెట్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గినట్టు కనబడుతుంది.

యాంటెన్నా సరే అనుకున్నాకే ఆంప్లిఫయర్. దాని అవుట్‌పుట్‌కి ఆ పవర్ తట్టుకునే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టండి. అక్కడా పవర్ రాకపోతే కరెంటు సంగతి చూడాలి. 100 వాట్లు ఇచ్చే పెట్టె సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉండి వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే, పోనూ రానూ కలిపి ఒక వోల్టు వైర్లోనే పోతుంది. 6దైతే అర వోల్టు కూడా పోదు. వోల్టేజీ కొలవాల్సింది బ్యాటరీ దగ్గర కాదు, మైకు నొక్కి ఉంచి ఆంప్లిఫయర్ టెర్మినళ్ల దగ్గర. మాట్లాడుతుంటే పవర్ మీటర్ ముల్లు పైకి పోవాల్సింది కిందికి దిగితే మొదట ఈ డ్రాప్‌నే చూడండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

తర్వాత డ్రైవ్, అంటే సెట్ నుంచి ఆంప్లిఫయర్‌లోకి వెళ్లే పవర్. 4 వాట్ల ఏఎం క్యారియర్ (మాట లేనప్పటి మూల తరంగం) పూర్తి మాడ్యులేషన్‌లో, అంటే మాట పూర్తిగా ఎక్కినప్పుడు, 16 వాట్ల పీక్‌కి వెళ్తుంది. ఇన్‌పుట్ 4 వాట్లకే తట్టుకునే పెట్టెకి అది ఎక్కువ. ట్రాన్సిస్టర్లు కాలడమే కాదు, పక్క ఛానెళ్లన్నీ చెడతాయి.

పవర్ బాగా వస్తూ వినడం మాత్రం బలహీనంగా ఉంటే ఆంప్లిఫయర్ పవర్ స్విచ్ ఆపి చూడండి. అప్పుడూ అంతే ఉండి, సెట్‌ని నేరుగా యాంటెన్నాకి కలిపితే బాగుపడితే ఆంప్లిఫయర్‌లో పంపడానికీ వినడానికీ దారి మార్చే రిలే కాంటాక్టులకు మసి పట్టినట్టే.