అరచేతిలో ఆన్సన్ దారి

లండన్‌లో పాత వస్తువుల వేలంశాల ఒకదానిలో ఆరేళ్లుగా ప్యాకింగ్ పని చేస్తున్నాను. గడియారాలు, పింగాణీ, వెండి సామాను ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి కానీ, పని ఆపి చూస్తూ ఉండిపోయింది మాత్రం 1754లో ఇదే నగరంలో నథానియల్ హిల్ తయారుచేసిన, జేబులో పట్టే భూగోళం నమూనా ముందే.

అది బత్తాయి పండంత ఉంటుంది. అడ్డుకొలత సుమారు 7 సెంటీమీటర్లు. రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన పటాన్ని పడవ ఆకారపు ముక్కలుగా కత్తిరించి, అంచులు కలిసేలా గుండ్రంగా అతికించి, చేత్తో రంగులద్ది వార్నిష్ పూశారు. చేపచర్మం తొడిగిన పెట్టెలో అది ఇమిడిపోతుంది. ఆ పెట్టె రెండు చిప్పల లోపలా నక్షత్రరాశులే. ఆ కొలతలో ఒక మిల్లీమీటరు అంటే దాదాపు 180 కిలోమీటర్లు కాబట్టి, హైదరాబాదు నుంచి నేను వచ్చిన దారి నాలుగు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ ఇంకా ఆ వైపు వెళ్లలేదు కనుక ఆస్ట్రేలియా తూర్పు తీరం దానిపై లేనే లేదు.

సముద్రాల మీదుగా భూమిని చుట్టివచ్చే సన్నని గీత ఒకటి ఉంది. అది బ్రిటిష్ నౌకాదళ అధికారి జార్జ్ ఆన్సన్ 1740 నుంచి 1744 దాకా సాగించిన యాత్ర. ఆరు యుద్ధనౌకలలో బయలుదేరినవారిలో అత్యధికులు స్కర్వీతో (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు), ఇతర జబ్బులతో చనిపోగా, ఆన్సన్ ఓడ సెంచూరియన్ ఒక్కటే భూమిని పూర్తిగా చుట్టివచ్చింది. 1743లో చైనా తీరంలోని మకావులో మనుషుల కొరత తీర్చుకోవడానికి ఆన్సన్ 23 మందిని కొత్తగా చేర్చుకున్నాడనీ, వారిలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే భారతీయ నావికులేననీ 1748లో వెలువడిన యాత్రా వృత్తాంతం చెబుతుంది. ఆ తరువాతే ఆ ఓడ ఫిలిప్పీన్స్ దగ్గర స్పానిష్ నౌకను పట్టుకుంది. అందులో దొరికిన 13 లక్షలకు పైగా వెండి నాణేలను 32 బండ్లలో లండన్ వీధులలో ఊరేగించారు. గీతకు పేరు ఆన్సన్‌దే అయినా, మకావు తరువాతి ముక్కలో తాళ్లు లాగి తెరచాపలు ఎత్తిన చేతులలో మనవాళ్లవీ ఉన్నాయి. ఇది నాకు చాలా పెద్ద విషయం.

గోళాన్ని ఆమ్లం లేని పలుచని కాగితంలో చుడుతూ ఆ సంగతి చెబితే, పక్క బల్ల దగ్గర పనిచేసే, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌కు చెందిన పెద్దాయన కాసేపు మౌనంగా ఉండి, తన తాత కూడా ఓడ బొగ్గుగదిలో పనిచేస్తూనే ఈ ఊరు చేరాడని చెప్పాడు.