గుండె డాక్టర్ కాన్పుల గురించి ఎందుకు అడుగుతుంది?

మా ఓపీకి వచ్చే ప్రతి ఆడమనిషినీ నేను మొదట అడిగేది కాన్పుల గురించే. ఏ కాన్పులోనైనా బీపీ వచ్చిందా, షుగర్ వచ్చిందా, నెలలు నిండకుండా పుట్టారా అని. పక్కన నిలబడ్డ కొడుకు "అదంతా ఇరవై ఏళ్ల కిందటి మాట కదా మేడమ్, ఇప్పుడెందుకు" అంటాడు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయిన వాళ్లకి, అంటే ప్రీఎక్లాంప్సియా వచ్చిన వాళ్లకి, ఆ తర్వాత ఎప్పుడైనా గుండెజబ్బు వచ్చే ముప్పు మిగతా వాళ్లకంటే దాదాపు రెట్టింపు, అందుకు. కాన్పు అయ్యాక బీపీ దిగిపోతుంది, ఇంటిల్లిపాదీ బిడ్డ ధ్యాసలో పడిపోతారు, తల్లికి ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించాలని ఎవరూ చెప్పరు.

నేను కార్డియాలజీ తీసుకుంటానంటే ఇంట్లో "గైనిక్ తీసుకోవచ్చుగా, అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్‌కి పరుగులేంటి" అన్నారు (క్యాథ్‌ల్యాబ్ అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళాలను తెరిచే గది). అప్పుడు నా మనసులో ఉన్నది డాక్టర్ పద్మావతి గారు. బర్మాలో పుట్టి, రంగూన్‌లో వైద్యం చదివి, అమెరికాలో పిల్లల గుండెజబ్బుల నిపుణురాలు హెలెన్ టాసిగ్ దగ్గర నేర్చుకుని, 1953లో ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో చేరిన మన దేశపు తొలి మహిళా కార్డియాలజిస్ట్. 2020లో కోవిడ్‌తో పోయేనాటికి ఆవిడకి 103 ఏళ్లు.

ఆవిడ ఎంతో పని చేసిన రుమాటిక్ గుండెజబ్బుని గుంటూరులో మేం ఇప్పటికీ చూస్తున్నాం. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల వాపులు వచ్చి తగ్గిపోయాయనుకుంటారు, లోపల మాత్రం మైట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే తలుపు, ఏళ్ల తరబడి మెల్లగా ఇరుకైపోతూ ఉంటుంది. పెళ్లై, కడుపుతో ఆరో నెల వచ్చేసరికి ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, ఆ ఇరుకులోంచి పోలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ఆ అమ్మాయి రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునే ఉంటుంది. "నెలలు మీద పడుతుంటే ఆయాసం మామూలేనమ్మా" అని అత్తగారు ధైర్యం చెబుతారు. ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే తేలిపోయే విషయం! అవసరమైతే, వాల్వు అందుకు అనుకూలంగా ఉంటే, కడుపుతో ఉండగానే బెలూన్‌తో తెరవొచ్చు. మర్నాడు పొద్దున రౌండ్స్‌లో "రాత్రి పడుకుని నిద్రపోయాను డాక్టరమ్మా" అని వాళ్లు చెబుతుంటే నాకు ఈ బ్రాంచి తప్ప ఇంకోటి వద్దనిపిస్తుంది.

ఇక గ్యాస్ అనుకుని ఊరుకునే హార్ట్ ఎటాక్ సంగతి. మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే పనికి వెళ్లే వాళ్లైతే ఆయాసం వచ్చినా ఘాటు వల్లేననుకుంటారు. ఆడవాళ్లకీ హార్ట్ ఎటాక్‌లో ఎక్కువగా వచ్చేది ఛాతీ నొప్పే, కానీ దానితోపాటు దవడ లాగడం, వీపు మధ్య పట్టేసినట్టు ఉండటం, వికారం, చల్లటి చెమటలు, ఎప్పుడూ లేనంత నీరసం కూడా ఉండొచ్చు, షుగర్ ఉన్నవాళ్లకి అసలు నొప్పే లేకపోవచ్చు. అదే మగాడైతే వెంటనే కారెక్కిస్తారు. ఈవిడ మాత్రం వంట ముగించి, అందరికీ వడ్డించి, సోడా తాగి, తెల్లారాక వస్తుంది. అలా వచ్చిన మనిషికి "టెన్షన్ వల్ల" అని చీటీ రాసి పంపేస్తే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అది బాగుందని ఇంటికి పొమ్మంటే, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే రక్తపరీక్ష) చేశారా, కాసేపాగి ఇంకో ఈసీజీ తీస్తారా అని అడగండి. డాక్టర్ విసుక్కున్నా సరే, అడగండి.